ఎనిమిది లెక్కలో పెట్టిన డప్పు

అది 2003. ఫిల్మ్ నగర్‌లో ఒక పాత ఇంటి పై అంతస్తును గోడ నిండా అద్దాలు బిగించి డాన్స్ హాలు చేశారు. అక్కడ నేను నందిని మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌ని. మా లైన్‌లో డాన్స్ కట్టేవాళ్ళు ఆడవాళ్ళయినా మాస్టర్ అనే పిలుస్తాం.

అసిస్టెంట్ పని బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. మాస్టర్ అడుగు కట్టి చూపిస్తారు. దాన్ని గ్రూపు డాన్సర్లకు నేర్పి, అందరి కాలూ ఒకేసారి పడేలా చేయడం మా పని. దానికి కౌంట్ వాడతాం. పాటను ఎనిమిదేసి అంకెలుగా విడగొట్టి, ఏ అంకెకు ఏ కాలు, ఏ చెయ్యి అని గుర్తు పెట్టుకోవడమే కౌంట్. మిగతా అసిస్టెంట్లు నోట్‌బుక్కులో రాసుకునేవాళ్ళు. నాకు అప్పటికి చదువు రాదు. అంతా ఒంట్లోనే దాచుకునేదాన్ని. పాట మారనంతకాలం నాకు భయం ఉండేది కాదు. సినిమా పాట ఎలాగూ మారదు. ముందే రికార్డు చేసి తెస్తారు, దాన్ని ట్రాక్ అంటాం. వందసార్లు పెట్టినా ఒకేలా వస్తుంది.

మాస్టర్‌కు నచ్చనిది అదే. ఆమెది కాకినాడ. ఇరవై ఏళ్ళుగా సినిమాల్లో ఉన్నారు. "ఎప్పుడూ పాట వచ్చాకే అడుగు. ఒక్కసారైనా రెండూ ఒకే గదిలో పుట్టాలి యాదమ్మా" అనేవారు. మాదాపూర్‌లో కొత్త భవనం తెరుస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు, తమ ఫంక్షన్‌లో అరగంట ఆమెకు ఇచ్చారు. ఏం చేస్తారో మీ ఇష్టం అన్నారు. అలాంటి మాట ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆమె పోశన్నను తెచ్చారు. జనగామ వైపు మనిషి, అరవై దాటిన డప్పు కళాకారుడు. ఒక షూటింగ్‌లో ఊరేగింపు సీను కోసం వచ్చిన డప్పులవాళ్ళలో ఒకడు. మధ్యాహ్నం విరామంలో, లైట్లు మోసే కుర్రాళ్ళ నడక చూస్తూ దానికి తగ్గట్టు డప్పు కొడుతూ కూర్చున్నాడట. వాళ్ళు ఆగితే ఆగాడట. అది చూసి మాస్టర్ ఆయన్ను వదల్లేదు.

మొదటి వారం ఆమె కదిలేవారు, ఆయన ఆమె మడమల వంక చూస్తూ కొట్టేవాడు. ఒక్కోసారి ఆయన దెబ్బ విని ఆమె అడుగు మార్చేవారు. ఆ అరగంట డాన్స్ నాలుగో భాగంలో ఒక ఆడమనిషి నేల మీద నుంచి లేవాలి. ఆమె లేచేదాకా డప్పు మోగదు. "ఇక్కడ లెక్క లేదు. లేవాలనిపించినప్పుడే లేవండి. ఆయన చూసుకుంటాడు" అన్నారు మాస్టర్.

మా ఎనిమిది మంది డాన్సర్లూ సినిమావాళ్ళే. వాళ్ళకు ఇది అంతుబట్టలేదు. శీను అనే డాన్సర్ ఒకరోజు ఆగిపోయి అడిగాడు.

"అన్నా, నువ్వు కొట్టుడు చూసి మేము ఆడాల్నా, మేము ఆడుడు చూసి నువ్వు కొడ్తవా? జర ఒక్కటి చెప్పు."

"రెండూ" అన్నాడు పోశన్న.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ప్రోగ్రాంకు పదమూడు రోజులుందనగా, ముందే ఒప్పుకున్న సినిమా పాట కోసం మాస్టర్ విదేశం వెళ్ళాల్సి వచ్చింది. వెళ్తూ నాకు ఒకే మాట చెప్పారు. "ఆయన్ని రోజూ కొట్టనివ్వు. మనవాళ్ళు తప్పులు చేసినా పర్వాలేదు. వింటూ ఉండాలి, అంతే."

మొదటి రెండు రోజులు అలాగే చేశాను. మూడో రోజు కూడా ఎవరి కాలు ఎక్కడ పడుతోందో తెలియలేదు. పోశన్న నిన్న కొట్టినట్టు ఇవాళ కొట్టడు. నా లెక్కలో ఏదీ నిలవడం లేదు. మాస్టర్ పరువు నా చేతిలో ఉంది, ఇది ఇలాగే స్టేజి ఎక్కితే ఎలా అని భయం పట్టుకుంది. మర్నాడు పోశన్నను తెలిసినవాళ్ళ రికార్డింగ్ థియేటర్‌కు తీసుకెళ్ళి, మొత్తం కొట్టించి, సీడీ చేయించాను. ఇక ప్రోగ్రాం రోజు వస్తే చాలన్నాను.

"నేను లేకుండ ఎట్ల ఆడుతరు చెల్లె?" అని అడిగాడు. సీడీ చూపించి, ఇది ఉంటే మీరున్నట్టే అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, నా చేతిలో పెట్టి ఊరికి వెళ్ళిపోయాడు.

ఆ సీడీని ఎనిమిదేసి లెక్కల్లో విడగొట్టాను. లెక్క లేని చోట కూడా, నేల మీద నుంచి లేవడానికి పన్నెండు అంకెలు పెట్టాను. వారం రోజుల్లో గ్రూపు దారిలో పడింది.

మాస్టర్ ప్రోగ్రాం ముందురోజు వచ్చారు. చూపించాము. మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆమె పోశన్న ఏడీ అని అడిగారు. చెప్పాను. ఆమె నేల మీద కూర్చుండిపోయారు.

"చాలా బాగుంది యాదమ్మా. అచ్చం సినిమా పాటలా ఉంది."

ఆ క్షణంలో నేను దాన్ని మెప్పే అనుకున్నాను.

మర్నాడు పొద్దున స్టేజి రిహార్సల్‌కు పోశన్న వచ్చాడు. డప్పు తోలు బిగియాలంటే మంట మీద కాచాలి. సెక్యూరిటీవాళ్ళు మంట పెట్టనివ్వలేదు. పార్కింగ్‌లో ఎండకు కాగిన కారు బానెట్ మీద డప్పు పెట్టి వేడి చేసుకున్నాడు. నాలుగో భాగం వచ్చింది. ఆయన డప్పు ఆపి, ఆడమనిషి ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నాడు. అది చేసే మా డాన్సర్ అమ్మాయి లోలోపల పన్నెండు లెక్కపెట్టి లేచేసింది. ఆయన అందుకునేసరికి ఆమె తర్వాతి అడుగులో ఉంది. ఇంకోసారి చేశాం. ఈసారి ఆయన తొందరపడి ముందే కొట్టాడు. ఇద్దరూ ఒకరికొకరు దొరకలేదు.

నిర్వాహకుడు వాచీ చూసుకుని, ట్రాక్ ఏమైనా ఉందా మేడం అని అడిగాడు. నేను బ్యాగులోంచి సీడీ తీశాను. మాస్టర్ నా వంక చూశారు. అవుననలేదు, వద్దనలేదు.

పోశన్నకు చెప్పాల్సింది నేనే. షూటింగుల్లో ఇది మామూలే. వీణ ముందు కూర్చున్నవాళ్ళు తీగ ముట్టకుండా వేళ్ళు ఆడిస్తారు. అందుకే నాకు అది పెద్ద విషయమనిపించలేదు. మీరు స్టేజి మీదే ఉంటారు అన్నా, డప్పు పుల్లలు ఊపండి, తోలుకు తగలనీయకండి, చప్పుడు మేం పెడతాం అన్నాను.

"ఆ డబ్బల ఉన్నది నా డప్పే గద?"

"మీదే అన్నా."

"మరి నన్నెందుకు పిలిచిండ్రు?"

తేడా వస్తే మాస్టర్ పేరు పోతది అన్నాను. ఆయన డప్పు అంచు నిమిరాడు.

"సరే చెల్లె. అమ్మ పేరు పోవద్దు."

సాయంత్రం ప్రోగ్రాం ఒక్క తప్పు లేకుండా జరిగింది. నేను స్టేజి పక్క తెర వెనక, పోశన్నకు రెండు గజాల దూరంలో ఉన్నాను. ఆయన పుల్లలు తోలుకు తగులుతూనే ఉన్నాయి, చాలా మెల్లగా. మైకు లేదు కాబట్టి హాలులో ఎవరికీ వినపడదు. నాకు రెండు డప్పులు వినిపించాయి. పెద్ద స్పీకర్లలో ఒకటి, ఆయన ఒళ్ళో ఒకటి. నాలుగో భాగంలో ఒళ్ళోది ఆగింది. ఆయన మెడ ముందుకు సాచి మా అమ్మాయి మడమ వంక చూస్తున్నాడు. ఆమె పన్నెండో అంకెకు లేచింది, స్పీకర్లు మోగాయి. ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తర్వాత ఇక కొట్టలేదు.

చప్పట్లు మోగాయి. మాస్టర్ మైకు తీసుకుని ఆయన పేరు చెప్పి వెనక్కి తిరిగారు. ఆయన కూర్చున్న చోట ఎవరూ లేరు.

ఆ తర్వాత కంపెనీలు వరసగా పిలిచాయి. బంజారా హిల్స్‌లో మాస్టర్‌కు పెద్ద స్టూడియో అయింది. అంతా ట్రాకుల మీదే. రెండూ ఒకే గదిలో పుట్టాలన్న మాట ఆమె నోట మళ్ళీ రాలేదు. ఒకసారి నేనే ఎత్తితే, "ఆ రోజు వద్దనాల్సింది నేను యాదమ్మా" అని లేచి వెళ్ళిపోయారు. నా మీద తప్పు పడనివ్వలేదు. కానీ ఆమె చెప్పినట్టు నేను చేసి ఉంటే, ఆమె అవునో కాదో అనాల్సిన పనే పడేది కాదు.

పోశన్న కోసం ఒకసారి ఊరికి వెళ్ళాను. పెళ్ళి ఊరేగింపుకు పోయిండని కోడలు చెప్పింది, కూర్చోమంది. రెండు గంటలు కూర్చున్నాను. ఆయన వస్తే ఏమనాలో తెలియక, రాకముందే బస్సెక్కాను. మళ్ళీ వెళ్ళలేదు.

నలభై ఎనిమిదో ఏట యూసఫ్‌గూడలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు నేనూ నోట్‌బుక్కులో రాసుకుంటాను, పిల్లలకు నేర్పుతాను. వాళ్ళు తడబడితే వెంటనే దిద్దాలని ఇప్పటికీ నోటిదాకా వస్తుంది. అప్పుడు ఆ మూడు రోజులు గుర్తొస్తాయి. మా ఎనిమిది మంది అడుగు దొరక్క, తలలెత్తి, పోశన్న చేతి వంక చూసిన రోజులు అవి. వాళ్ళు వినడం మొదలుపెట్టింది అప్పుడే. అది తప్పనుకుని నేను ఆపేశాను.