ముప్పై రెండేళ్ల పెద్దాయన

మా అన్నయ్యకి కటింగ్ షాపుంది. కొత్తగా వచ్చినవాళ్లు గుమ్మంలో ఆగి, "పెద్దాయనా, ఖాళీయేనా?" అని అడుగుతారు. వాడికి ముప్పై రెండేళ్లు. ఇరవైలోనే తల నెరిసింది. ఆ తర్వాత గొంతు సన్నబడింది, చర్మం ఎముకలకి అతుక్కుపోయింది, రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. చీలమండ మీద పుండు మానదు కాబట్టి చక్రాల స్టూలు మీదే కూర్చుని కటింగ్ కుర్చీ చుట్టూ తిరుగుతాడు. ఊరందరి తలలకీ రంగు వేస్తాడుగానీ తను వేసుకోడు. "నా తల చూస్తేనే కదా వాళ్లకి రంగు గుర్తొచ్చేది" అంటాడు.

ఆమధ్య ఆసుపత్రిలో గుమాస్తా అమ్మతో, "మీ నాన్నగారిని ఆ బెంచీ మీద కూర్చోబెట్టండమ్మా" అన్నాడు. అమ్మ మొహం మాడిపోయింది. అన్నయ్య మాత్రం "పద అమ్మాయ్" అంటూ ఆవిడ భుజం పట్టుకుని నడిచాడు. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఆ గుమాస్తా మీద ఒళ్లూ మండింది.

ఆ రోజే డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. "మన ఒంట్లో ప్రతి కణంలోనూ డీఎన్ఏ రోజూ దెబ్బతింటూనే ఉంటుంది. ఎండ, పొగ ఏమీ లేకపోయినా సరే. కణమే దాన్ని బాగుచేసుకుంటుంది. ఆ పని వెనకబడటం అందరికీ ముసలితనం రావడానికి ఒక కారణం. మీవాడిలో ఆ పని చేసే ప్రోటీన్ ఒకటి అసలు లేదు. దాని జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి. రెండూ చెడిపోయినవే వచ్చాయి."

తర్వాత నావైపు చూసింది. "తమ్ముడికీ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంది."

నాకు ఇరవై ఒకటి. పొట్టివాణ్ణి. అన్నయ్య కూడా చిన్నప్పుడే ఎదగడం ఆపేశాడు. అమ్మా పొట్టిదే, ఆ పోలికే అనుకుందామంటే మనసు ఒప్పుకోదు. పరీక్షకి రక్తం ఇచ్చి వచ్చిన దగ్గర్నుంచి నా కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. అద్దం కనిపిస్తే చాలు, ఆగి తల తడుముకునేవాణ్ణి. నేను పనిచేసే మిక్సీల కొట్లో ఒకటడిగితే ఇంకోటి చూపించి చీవాట్లు తిన్నాను.

పైగా అన్నయ్య నాకు జుట్టు కత్తిరించడం మానేశాడు. నా తల ఇంకొకరి చేతిలో పెట్టిన పాపాన పోలేదు నేను. "ఇవాళ రద్దీరా" అంటాడు, షాపులో ఈగలు తోలుకుంటూ. జుట్టు చెవులు దాటింది. ఒకరోజు ఇంట్లో అడిగేశాను.

"ఊరందరికీ చేస్తావు, నాకు చేయడానికి ఏం రోగం?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. వాడు షాపు తువ్వాళ్లు ఆరేస్తూ ఉండిపోయాడు. అమ్మే నన్ను పక్కకి లాగి చెప్పింది. "వాడికి భయంరా. నీ తలలో తెల్ల వెంట్రుక కనిపిస్తుందేమోనని."

ఫలితం వచ్చిన రోజు డాక్టరమ్మ నవ్వుతూ, "నీకు ఒకటి మంచిదే వచ్చిందయ్యా. ఈ జబ్బు రాదు" అంది. మెట్లు రెండేసి దిగాను. రోడ్డు మీదికి వచ్చాక నడక దానంతటదే నెమ్మదించింది. నాకు మంచిది వచ్చింది, నీకు రాలేదు అని వాడి మొహం మీద ఎలా చెప్పను?

షాపులో అడుగు పెట్టగానే అద్దంలో నన్ను చూశాడు. ఎక్కడి నుంచి వస్తున్నానో వాడికి తెలుసు.

"అన్నయ్యా..."

"ఏం చెప్పకు. ముందు కూర్చో."

గుడ్డ కప్పి నీళ్లు చల్లాడు. కత్తెర గబగబా ఆడింది. కుడి చెవి వెనక్కి వచ్చేసరికి ఆగిపోయింది.

"తెల్లదా?" అన్నాను.

నా మెడ మీద వెచ్చటి చుక్క పడింది.

"అన్నయ్యా, నాకు లేదు. ఆ జబ్బు రాదని చెప్పింది డాక్టరమ్మ."

వాడు స్టూలు తోసుకుంటూ నా ముందుకొచ్చి మొహంలోకి చూశాడు.

"ఒట్టా?"

"అమ్మ తోడు."

"అయితే అది ఉత్త తెల్ల వెంట్రుకేనా!" కళ్లు తుడుచుకోకుండానే నవ్వేశాడు.

"పీకెయ్" అన్నాను.

"ఎందుకు? ఉండనీ." మళ్లీ నా వెనక్కి వెళ్లి కత్తెర అందుకున్నాడు. "నువ్వు నెమ్మదిగా ముసలాడివి అవ్వరా. నీకేం తొందర లేదు."