పక్కకు జరిగిన స్టూలు

టీచరమ్మ పోయిందని ఫోను వచ్చేసరికి నా రెండు చేతులకూ మణికట్ల దాకా వార్నిష్ అంటుకుని ఉంది. ఫోను పట్టుకోలేను, అదేమో ఆగడం లేదు. చివరికి మోచేత్తో నొక్కి, బల్ల మీదికే వంగి చెవి పెట్టాను. అవతల మాబున్ని, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. ఏడవడం లేదు. "మామా, టీచరమ్మ ఇంక లేదు. తెల్లారి నంద్యాల ఆసుపత్రిలో" అని చెప్పి, "కాగితం సంగతి ఎట్ల మామా ఇప్పుడు?" అంది.

చావు కబురు చెప్పిన నోటితోనే కాగితం సంగతి అడగడమేమిటని మీకు అనిపించవచ్చు. టీచరమ్మను ఎరిగినవాళ్లం ఎవరమైనా రెండో మాట అదే అడుగుతాం. ఎండాకాలం సెలవుల్లో ఆళ్లగడ్డ బడిలో రెండు గదుల తాళం తీయడానికి అనుమతి కాగితం అది. మంచాన పడకముందే ఆమె ఈ ఏడాదికి పంతొమ్మిది మంది పిల్లల పేర్లు రాసి, ఎవరు ఏ పని నేర్చుకోవాలో కూడా రాసి, నంద్యాలలో ఒక ఆఫీసులో ఇచ్చింది. ఏ ఆఫీసో చెప్పను. రేపు మళ్లీ అక్కడికే పోవాల్సినవాణ్ణి.

నాది ఆళ్లగడ్డలో కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగితీగ చుట్టే అంగడి. చదువు నాలుగో తరగతి, అదీ పూర్తిగా కాదు. తెలుగు చదవడం బుడ్డల పొట్లాలు కట్టిన పాత పేపర్ల నుంచి వచ్చింది. బుడ్డలంటే మేము వేరుశనగలకు చెప్పుకునే పేరు. పొట్లం ఎక్కడ చిరిగితే అక్కడికి వార్త అయిపోయేది, మిగతాది నేనే కల్పించుకునేవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు మోటార్ల మీద కొట్టిన రేకుల నుంచి వచ్చాయి. అందుకే నాకు ఏ, బీల కంటే ముందు హెచ్, పీ వచ్చాయి. ఇప్పటికీ జే అక్షరం కనబడితే కొత్త మనిషిని చూసినట్టు చూస్తాను. రేకుల మీద దానితో నాకు పరిచయం కాలేదు. ఈ చదువు సోది ఎందుకంటే, ఇది చివర్లో మళ్లీ వస్తుంది. వచ్చి నా కాళ్లకే అడ్డం పడుతుంది.

పద్దెనిమిది ఎండాకాలాల కిందట ఒక పొద్దున మగవాళ్ల నల్ల గొడుగు ఒకటి నా అంగడి ముందు ఆగింది. దాని కింద టీచరమ్మ, ఆమె వెనక తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ముగ్గురు. ఆమె ఇల్లు నంద్యాలలో చర్చి వీధిలో, ఉద్యోగం ఆళ్లగడ్డ బడిలో, పాఠం సైన్సు. సెలవుల్లో ఈ పిల్లలకు నీ పని చూపించాలన్నా అని అడిగింది. ఆడపిల్లలకు ఈ మసి పని ఏందీ మేడం, కుట్టుమిషను యాడన్నా చూడండి అన్నాను. ఆమె గొడుగు ముడిచి, మడతలు సరిచేసి, గుండీ పెట్టి, అప్పుడు మాట్లాడింది. ఆమె అలవాటే అంత, గొడుగు పని అయ్యేదాకా ఎదుటివాడి మాటకు జవాబు రాదు.

"వీండ్ల ఇండ్లల్లో చొక్కాలు చినగడం లేదన్నా. మోటార్లు కాలిపోతాండాయి."

నేను లోపలికి పోయి మూడు స్టూళ్లు తుడిచి వేశాను.

ఆమె పెట్టిన నియమాలు కొన్ని ఉండేవి. పిల్లలు వచ్చేది పొద్దున ఏడు నుంచి పదకొండు వరకే. నేర్పాలి, చాకిరీ చేయించకూడదు. టీ తెమ్మని పంపకూడదు. పెళ్లి పత్రికలు అచ్చు వేసే ఒకాయన రెండో రోజే ఒక పిల్లను టీకి పంపాడు. పిల్ల గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి టీచరమ్మ వాకిట్లో ఉంది. గ్లాసులు తనే తీసుకుని ఆయన ముందు పెట్టి, పిల్లను వెంటబెట్టుకుని వెళ్లిపోయింది. మరుసటేడు ఆయనే వచ్చి బతిమాలుకున్నాడు. పిల్లలు మా దగ్గరికి ఎందుకొస్తారో ఆ ఒక్క రోజుతో బజారంతటికీ తెలిసింది.

పదకొండు కాగానే శిల్పాలు చెక్కే షెడ్ల నుంచి, విత్తనాల అంగడి నుంచి, పశువుల డాక్టరు దగ్గర నుంచి, నా దగ్గర నుంచి పిల్లలందరూ బడిలోని ఆ రెండు గదులకు చేరాలి. ఆ పూట ఏం చూశారో ఒక్కొక్కరూ చెప్పాలి. ఏం చేశారో కాదు, ఏం చూశారో. ఇంకో సంగతి, ఇది ఆమె పైకి చెప్పేది కాదు: ఆ గదులు తెరిచి ఉన్నాయి కాబట్టే ఆడపిల్లల్ని ఇండ్లలో పంపేవాళ్లు. పిల్ల యాడికి పోతాంది అని పక్కింటివాళ్లు అడిగితే బడికి అని చెప్పుకోవచ్చు. మోటార్ల అంగడికి అని ఏ తల్లి చెప్పుకుంటుంది?

ఇక మా తప్పు సంగతి. ఆ మొదటి ఎండాకాలం వచ్చిన ముగ్గురిలో పరుపులు కుట్టే ఆయన కూతురు మాబున్ని ఒకతి. చురుకైన పిల్ల, కన్ను ఆర్పకుండా చూసేది. దొర్నిపాడు రైతు ఒకాయన బోరు మోటారు తెచ్చాడు. చేను ఎండిపోతాంది, బేగా చెయ్యప్పా అని నెత్తిన కూర్చున్నాడు. మా పనిలో ఒక చెక్క అచ్చు ఉంటుంది, దాని పిడి తిప్పుతుంటే రాగితీగ చుట్లుగా చుట్టుకుంటుంది. సగం చుట్లు నేను చుట్టాను. ఇంతలో ఇంటి నుంచి పిలుపొస్తే, చూసినావు గదా పాపా, నేను తిప్పినట్టే తిప్పు అని చెప్పి లేచాను. తిరిగొచ్చేసరికి మిగతా సగం ఆ పిల్ల చుట్టి పెట్టింది. చుట్లు చూస్తే నావాటికంటే నీటుగా ఉన్నాయి. వాటిని మోటారులో కూర్చి బిగించాం. ఆ పూట కరెంటు లేదు, రైతుకు తొందర, తిప్పి చూడకుండానే పంపాను. ఆ తప్పు మాత్రం నాది, ఇంకెవరిదీ కాదు.

మోటారు బోరులోకి దిగింది. మూలిగింది గాని తిరగలేదు. మూలిగి మూలిగి మళ్లీ కాలింది. రైతు వచ్చి అంగడి ముందు నిలబడి, అంగడి పెట్టినావా బడి పెట్టినావా అని అడిగిన తీరు ఇక్కడ రాయదగింది కాదు. మాబున్ని గోడకు ఆనుకుని నిలబడింది. నేను చూసినట్టే చేసినా మామా, చూసినట్టే చేసినా అని అదొక్కటే మాట.

టీచరమ్మ వచ్చి ఎవరినీ ఏమీ అనలేదు. గొడుగు పని ముగించి, ఆ రోజు ఎవరెవరు ఎక్కడ కూచున్నారో అట్లే కూచోమంది. నేను అచ్చు ముందు కూచున్నాను. మాబున్ని స్టూలు తెచ్చి నాకు ఎదురుగా వేసుకుని కూచుంది. తిప్పమంది. పిడిని నా నుంచి అవతలికి తిప్పాను. అప్పుడు చూశాను: ఎదురుగా ఉన్న పిల్లకు అది తన వైపుకు వస్తోంది. ఆ రోజు నేను లేచాక నా చోట్లో కూచుని ఆ పిల్ల తను చూసినట్టే, పిడిని తన వైపుకు తిప్పింది. సగం తీగ ఒక దిక్కు, సగం ఇంకో దిక్కు. ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టి ఆపితే మోటారు ఎట్లా తిరుగుతుంది?

ఎదురుగా ఎందుకు కూచోబెట్టుకున్నావన్నా అని టీచరమ్మ అడిగింది. బడిలో అట్లే గదా మేడం కూచుంటారు అన్నాను. ఆమె మాబున్నిని లేపి, స్టూలు ఎత్తి నా పక్కన వేసింది.

"తప్పు నాదే అన్నా. ఇన్నేండ్లుగా వీండ్లను ఎదురుగా కూచోబెట్టుకుంటాండా నేను."

ఆ మోటారును మళ్లీ మాబున్నే చుట్టింది, నా పక్కన కూచుని. ఈసారి కరెంటు వచ్చేదాకా ఆగి తిప్పి చూశాం. దొర్నిపాడుకు టీచరమ్మ కూడా వచ్చింది. నీళ్లు పడ్డాక రైతు మాబున్ని వైపు చూసి, ఇంగ ఈ యమ్మిని యాడికీ పంపొద్దు అని నాతో అన్నాడు. ఆ రోజు నుంచి టీచరమ్మ బడిలో కూడా కుర్చీ వదిలేసిందని పిల్లలు చెప్పేవాళ్లు. పుస్తకం తీసుకుని బెంచీ మీద పిల్లల మధ్యకు జరిగి, వాళ్లతో పాటు నల్లబల్ల వైపు తిరిగి కూచునేదట. తనిఖీకి వచ్చిన ఆఫీసరొకాయన టీచరు ఏదీ అని అడిగాడట కూడా.

కాగితం కోసం నంద్యాలకు నేను ఒకటి రెండుసార్లు తోడుగా పోయాను. అక్కడా ఆమెది అదే పద్ధతి. గుమాస్తా బల్లకు ఎదురుగా నిలబడేది కాదు. స్టూలు లాక్కుని బల్ల అవతలికి, ఆయన పక్కకు పోయి కూచునేది. సంచిలోంచి జీలకర్ర నీళ్ల సీసా తీసి ఒక గుక్క తాగి, కాగితం మీద వేలు పెట్టి, ఇద్దరూ కలిసి చదివేవాళ్లు. కాగితం కదిలేది. కదిలేది అన్నానే గాని, పద్దెనిమిదేండ్లలో ఒక్క ఏడూ సెలవులు మొదలయ్యే రోజుకు వచ్చింది లేదు. ప్రతిసారీ వారం, పదిరోజులు పోయేవి. ఇంత చిన్న పనికి ఇంత తిరుగుడు ఎందుకని నేను బస్సులో దారి పొడుగునా సణిగేవాణ్ణి. సణుగుడు అయ్యిందా అన్నా, అయితే కిటికీ మూయి, ఎండ కొడతాంది అనేది. అంతే.

ఒక ఏడాది పైనుంచే వేసవి శిబిరం పెట్టమన్నారని ఆ గదుల్లోనే వేరే ఏదో జరిపారు. అయిదు రోజులన్నారు. బ్యానరు కట్టారు, పిల్లల చేతికి రంగు పెన్సిళ్లు ఇచ్చారు, ఫొటో తీసి పంపారు, మూడో రోజుకు తాళం వేశారు. ఫొటోలో పిల్లలందరూ కెమెరాకు ఎదురుగా, బాగానే వచ్చారు.

టీచరమ్మను సాగనంపడానికి నంద్యాలలో సమాధి తోటకు పోయాం. ఆమె విశ్రాంతిలోకి వెళ్లిందని పాస్టరు గారు చెప్పారు. మంచి మాటే. కానీ సెలవుల్లో విశ్రాంతి తీసుకున్న మనిషి కాదామె. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

పది రోజుల తర్వాత మాబున్ని, నేను ఆ ఆఫీసుకు పోయాం. మాబున్ని ఇప్పుడు నంద్యాలలోనే ఒక ఐటీఐలో పిల్లలకు మోటార్లు చుట్టడం నేర్పుతోంది, కాంట్రాక్టు మీద. గుమాస్తా కాగితం వెతికి తీశాడు. దాని మీద, దరఖాస్తు చేసినవారు స్వయంగా హాజరు కావాలి అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఆమె చనిపోయింది సార్ అని చెప్పాం. అయ్యో అన్నాడు, నిజంగానే అన్నాడు. తర్వాత, అయితే కొత్తగా పెట్టుకోవాల అన్నాడు. బాధ్యత తీసుకునేది ఎవరు అని అడిగితే నేనే అన్నాను.

"చదువు ఎంతవరకప్పా?"

"నాలుగు సార్."

నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. దరఖాస్తులో చదువు గడిలో ఏం రాయాలో తోచక పెన్ను గాల్లో పట్టుకున్నాడు. నేను చేస్తా సార్ సంతకం అని మాబున్ని ముందుకొచ్చింది. రెగ్యులరా అని అడిగాడు. కాదంది. పెన్ను కింద పెట్టాడు. బడి పెద్దసారును అడగండి అన్నాడు. ఆయన్ను అప్పటికే అడిగాం. మంచివాడే. ఆఫీసు కాగితం లేకుండా తాళం తీస్తే, రేపు పిల్లకు ఏదన్నా అయితే నా గతేమిటన్నాడు.

నాకేం తోచిందో, స్టూలు లాక్కుని బల్ల పక్కగా అవతలికి పోబోయాను.

"నువ్వు ఎదురుగానే ఉండప్పా. ఈ పక్కకు రాగూడదు."

"టీచరమ్మ వచ్చేది గద సార్."

ఆయన ఆ స్టూలు వైపు కాసేపు చూశాడు. "ఆమె అడిగి వచ్చేది కాదు. వచ్చి కూచునేది" అన్నాడు. తర్వాత కాగితాన్ని ఫైలు కింద దోపి, "చూద్దాంలే, సెలవులయ్యే లోపల" అన్నాడు.

సెలవులయ్యే లోపల! సెలవుల కోసం పెట్టిన కాగితమది. తిరుగు బస్సులో దారంతా సణిగాను. కిటికీ మూయమని చెప్పేవాళ్లు లేరు.

సెలవులు మొదలైన రోజు పొద్దున ఏడింటికి చెక్క అచ్చు, కాలిన మోటారు ఒకటి, నాలుగు స్టూళ్లు ఆటోలో వేసుకుని బడి గేటు ముందు దిగాను. గేటుకు తాళం. గోడ నీడ రోడ్డు మీదికి పడుతోంది. ఆ నీడలో, గేటుకు ముఖం పెట్టి అచ్చు పెట్టుకున్నాను. మాబున్ని సెలవు పెట్టి వచ్చింది. పంతొమ్మిది మందిలో ఏడుగురు వచ్చారు. మిగతావాళ్ల ఇండ్లకు ముందురోజే తిరిగాను. తాళం తీసినాక పంపుతాం పెద్దాయనా అని ఒకటే మాట. వాళ్లను అనడానికి నాకు నోరు రాలేదు. శిల్పుల దగ్గరికి, విత్తనాల అంగడికి పోవాల్సినవాళ్లు కూడా ఈ ఏడుగురిలో ఉన్నారు. అందరూ ముందు గేటు దగ్గరికే వచ్చారు, తెరిచి ఉంటుందేమోనని.

ఏడుగురిలో ఒకతి కొత్త పిల్ల, ఎనిమిది అయిపోయి తొమ్మిదికి పోతోంది. రెండు జడలు, ఒళ్లో నోటుపుస్తకం. బడి అలవాటు కదా, వచ్చి గేటుకు వీపు పెట్టి సరిగ్గా నాకు ఎదురుగా కూచుంది. నేను ఏదో చెప్పబోయేంతలో, కిందటేడు వచ్చిన పిల్ల ఒకతి లేచి దాని రెక్క పట్టుకుంది.

"ఆడ గాదే. ఈ పక్కకు రా."

అది లేచి వచ్చి మాబున్నికి, నాకు మధ్యన ఇరుక్కుంది. ఇప్పుడు మేమందరం ఒకే వైపుకు తిరిగి ఉన్నాం. మా ముందు ఇనుప గేటు, దాని మీద తాళం, లోపల ఆ రెండు గదుల మూసిన కిటికీలు. నేను పిడిని అవతలికి తిప్పాను. ఏడుగురికీ అది అవతలికే తిరిగింది, తాళం వైపుకు.