సాధు ప్రేమగా చూసిన చూపు

నా ఒంటి మీద ఒక మచ్చ ఉంది. ఎక్కడుందో చెప్పను. అది పడ్డాక వారం రోజులు బోర్లా పడుకున్నానని మాత్రం చెబుతాను, మిగతాది మీరే ఊహించుకోండి. పెద్దలు వద్దంటున్నా వినకుండా, మహా పట్టుదలతో నేనే సంపాదించుకున్న మచ్చ అది.

పెళ్లయ్యాక అనంతపురం నుంచి బెళుగుప్ప దగ్గర అత్తగారి ఊరికి వచ్చినప్పుడు నా వెంట రెండు సూట్‌కేసులు, సాధు అనే నా కుక్క వచ్చాయి. కుక్కల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఫోన్లో అన్ని వీడియోలు చూశాను మరి! కుక్క వీపు మీద బాతుపిల్లలు ఊరేగుతుంటే కళ్లు తుడుచుకున్న దాన్ని. మా మామగారు చిన్నప్పటి నుంచీ గొర్రెలు కాసిన మనిషి. ఆయన వీడియోలు చూడలేదు కాబట్టి ఆయనకేమీ తెలియదని తేల్చేశాను.

"పాపా, మా కుక్క నల్లోడు ఎనిమిదేండ్లుగా మందతో తిరుగుతాండాడు. తోడేలుకు అడ్డం పోయినాడు. అయినా గొర్రెపిల్లల దొడ్లో వాణ్ణి ఒక్కణ్ణే వదల్ను. కుక్క కుక్కే" అనేవారాయన.

"అట్ల అనుమానపడితే వానికి బాధ కాదా మామా?"

"వాని బాధ వాడు పడతాడులే. నాకు గొర్రెపిల్లలు మిగలాల గదా!"

ఆ రోజుల్లో అత్త దగ్గర గౌరి అని తల్లి లేని గొర్రెపిల్ల ఉండేది. సీసాతో మేకపాలు పట్టి, తన మంచం పక్కనే పడుకోబెట్టుకుని దాన్ని బతికించింది. ఒకరోజు ఉరవకొండలో బంధువుల పెళ్లికి పోతూ గడపలో ఆగింది.

"మే, గౌరి జాగర్త. నీ కుక్కను కట్టేయ్. నేనొచ్చేదాకా విప్పొద్దు."

అత్త ఎక్కిన ఆటో మలుపు తిరిగిందో లేదో, నేను కుక్కను విప్పేశాను. సాధు, గౌరిల స్నేహాన్ని వీడియో తీసి, పెళ్లిపందిట్లో ఉన్న అత్తకు పంపాలని నా పథకం. వాకిట్లో గౌరి గంతులేస్తోంది. ఫోను పట్టుకుని వ్యాఖ్యానం మొదలుపెట్టాను.

"చూడత్తా, సాధు గౌరిని ఎంత ప్రేమగా చూస్తాండాడో! రెప్ప గూడా కొట్టడం లే!"

సాధు తల దించి, పొట్ట నేలకు ఆనించాడు.

"అయ్యో, నమస్కారం పెడతాండాడు!"

చప్పుడు లేకుండా ఒక్కో అడుగే ముందుకు జరిగాడు.

"చిన్నపిల్ల బెదురుతాదని మెల్లగా పోతాండాడు. ఎంత సంస్కారం!"

గౌరి పరుగెత్తింది. సాధు దాని వెనక దూకాడు.

"ఆడుకుంటాండారు! అత్తా, ఆడు..."

మాట పూర్తి కాకముందే గౌరి వెనక కాలు సాధు నోట్లో ఉంది. నేను చూసిన ప్రేమంతా వేట అని అప్పుడు బుర్రకెక్కింది. అత్త ముఖం గుర్తొచ్చింది. ఫోను విసిరేసి గౌరి మీద బోర్లా పడ్డాను. సాధు దాని కాలు వదిలి, తనకు అందిన దాన్ని పట్టుకున్నాడు. అందింది నేను.

నా కేకకు మామగారు కర్రతో పరుగెత్తుకొచ్చారు. సాధు నన్ను వదిలి, ఏమీ జరగనట్టు తోక ఊపుతూ వచ్చి నా చెవి నాకాడు.

"ఏమైంది పాపా?"

"ప్రేమగా చూసినాడు మామా!" అని ఏడ్చాను.

"ప్రేమ కాదమ్మా. కూర ఉడికిందా లేదా అని మీ అత్త చట్టిలోకి చూస్తాది చూడు, ఆ చూపది." సాధును గొలుసుకు కట్టి అన్నారు: "వీణ్ణి తిట్టొద్దు. వీనికి పగా లేదు, పాడూ లేదు. పండ్లు ఉండాయి, అంతే."

గౌరి కాలికి రెండు గాట్లతో బతికిపోయింది. నేను బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా ఉరవకొండ ఆసుపత్రి దాకా నిలబడే వెళ్లి, సూదులు వేయించుకుని, నిలబడే తిరిగొచ్చాను.

సాయంత్రం అత్త వచ్చి, గౌరిని ఒళ్లోకి తీసుకుని ఏడ్చింది. తర్వాత నన్ను తనివితీరా తిట్టింది. ఆ తర్వాత మట్టిలో దొరికిన నా ఫోను తుడిచి చేతికిచ్చింది.

"పెట్టు. నాకోసమే తీసినావంట గదా!"

వీడియో చివర్లో ఆకాశం తప్ప ఏమీ కనబడదు గానీ, నా గొంతు మాత్రం గంటలా వినబడుతుంది. ఇప్పటికీ మా ఇంటికి చుట్టాలొస్తే కాఫీ అయ్యాక అదే వినోదం. "ఎంత సంస్కారం!" దగ్గర పొట్టలు పట్టుకుంటారు. నా కేక దగ్గర మళ్లీ పెట్టమంటారు.

అందుకే ఆ సూదుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఏ కుక్క మనసులో ఏముందో ఈ జన్మలో నేను చెప్పబోను. సాధుకు ఇప్పటికీ నేనే ముద్దలు పెడతాను, వాడంటే నాకు ప్రాణం. కానీ ముందు గొలుసు చూసుకుంటాను. ఇక ఎవరైనా "మా కుక్క ఏమీ చేయదండీ" అంటే వాదించను. ముందు గోడెక్కుతాను, పలకరింపులు ఆ పైనుంచి.