అద్దం కింద గుండెకాయ

మా ఊళ్ళో ఆదివారం ప్రార్థన ముగిశాక నాలుగైదు ఇళ్ళవాళ్ళం కలిసి ఒక పొట్టేలును కోసుకుంటాం. రాచర్ల చుట్టుపక్కల మెట్ట పల్లెల్లో ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. పట్ట పరిచి మాంసాన్ని పోగులు వేస్తారు. కండ, ఎముక, కాలేయం, కొవ్వు, అన్నీ ప్రతి పోగులోనూ సమానంగా పడాలి. గుండెకాయ ఒక్కటే ఉంటుంది కాబట్టి దాన్ని ఇంటికో ముక్కగా కోయాలి. ఆ పని నాది. మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను.

అందుకే గుండె లోపల ఎలా ఉంటుందో నా వేళ్ళకు తెలుసు. ఎడమ పక్క గోడ బొటనవేలంత మందం. కుడి పక్కది పలచన. లోపల సన్నటి తెల్లటి దారాలుంటాయి, లాగినా తెగవు. పైనుంచి ఒక తెల్లటి గొట్టం బయలుదేరుతుంది. ఎన్ని కట్టెలు కాల్చినా అది ఉడకదు. పళ్ళ కింద రబ్బరులా సాగుతుంది. దాన్ని తీసి కుక్కకు వేస్తాం.

జొన్న కోతలప్పుడు మా ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. గొర్రెల వెంట గుట్ట ఎక్కుతూ, ఎడమ చెయ్యి బరువెక్కి, ఒళ్ళంతా చెమట పట్టి, రాతి మీద కూలబడిపోయాడు. గిద్దలూరులో డాక్టరు ఈసీజీ తీసి పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ చేతి నరంలోంచి సన్న గొట్టం పంపి చూశారు. గుండెకు నెత్తురిచ్చే నాళాలు పూడుకుపోయాయన్నారు. కాలిలోంచి నరం తీసి గుండెకు అతికించాలన్నారు. ఆయన ఆలోచించుకుని వస్తానని చెప్పి, మాత్రల సంచీ పట్టుకుని ఇంటికొచ్చేశాడు.

"కాలి నరం తీసినాక నేను గొర్రెల యెంట ఎట్ల తిరిగేది? కాలు లేని కాపరిని యాడన్నా చూసినావా?" అన్నాడు నాతో.

ఆ వచ్చిన ఆదివారం నేను గుండెకాయ కోయబోతుంటే మా బావగారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కొయ్యొద్దమ్మా. మొత్తం మా తమ్ముని పోగులో ఏయి."

ఎవరూ కాదనలేదు. బాలింతకు తలకాయ, కాలు విరిగినవాడికి కాళ్ళు ఇవ్వడం మాలో ఉన్నదే. గుండె జబ్బు చేసినవాడికి గుండెకాయ ఇవ్వాలని వాళ్ళకు అనిపించింది. అప్పటినుంచి ప్రతి ఆదివారం అది మా ఇంటికే వచ్చింది. పక్క వీధి వాళ్ళు కోసుకున్నా వాళ్ళ పిల్లల చేతికి ఆకులో చుట్టి పంపేవారు. నేను మిరియాలు వేసి వేయించి పెట్టేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకుని తినేవాడు.

నొప్పి మళ్ళీ రాలేదు. మాత్రలు ఆపుతున్నాయని నేనంటే నవ్వేవాడు.

"మాత్ర గోరంత ఉండాది. గుండెకాయ గుప్పెడుంది. ఏది పనిచేస్తాదో నువ్వే చెప్పు."

అలా ఎండాకాలం గడిచిపోయింది. తొలకరిలో మరోసారి దొడ్డి దగ్గర ఆయాసపడ్డాడు. కడుపులో గ్యాసు అన్నాడు. ఆ వారంలోనే మా చెల్లెలి కూతురు చూడడానికి వచ్చింది. ఆ అమ్మాయి అదే పెద్దాసుపత్రి కాలేజీలో పనిచేస్తుంది. శరీరంలోని ముక్కలను ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగులద్ది, గాజు పలకల మీద అతికించే పని. డాక్టరు చదువు చదివేవాళ్ళు వాటిని మైక్రోస్కోపులో చూసి నేర్చుకుంటారు.

పళ్ళెంలో ఉన్నది చూసి అడిగింది.

"ఏంది పెద్దనాయనా, ఆపరేషనుకు రమ్మంటే పొట్టేళ్ళ గుండెలు తింటా కూసున్నావా?"

"దీంతోనే నిలబడినాను పాపా."

"తిను, వద్దనను. కానీ ఒక్కసారి నాతో రా. నేను చూసేది నువ్వూ చూద్దువు."

"ఏం చూపిస్తావు?"

"గుండెకాయే."

"దానికి బస్సెక్కాల్నా? మీ పెద్దమ్మ వారం వారం చూపిస్తానే ఉండాదిగా!"

అయినా ఆ పిల్ల మాట కొట్టేయలేక బయలుదేరాడు. నేనూ వెళ్ళాను.

ఆమె పనిచేసే గదిలో ఏదో ఘాటైన వాసన. మొదట ఆయన్ను కూర్చోబెట్టి, మైక్రోస్కోపు అద్దానికి కన్ను ఎలా ఆనించాలో చెప్పింది. ఆయన చాలాసేపు కన్ను తీయకుండా చూశాడు. తర్వాత నన్ను చూడమన్నాడు.

గులాబీ రంగు కండ పాయలు పాయలుగా ఉంది. ఒక పాయ చీలి పక్కదాంతో కలుస్తుంది, అది మళ్ళీ చీలి ఇంకోదాంతో కలుస్తుంది. విడిగా ఉన్నది ఒక్కటీ లేదు. పాయ మీద సన్నటి అడ్డచారలు. ఒక్కో కణం నడిమధ్యన కన్నులాంటి ఊదారంగు చుక్క. ఒక కణం ఇంకో కణాన్ని పట్టుకున్నచోట, జొన్నదంటు మీద గణుపులా ముదురు గీత. నేను ఇన్నేళ్ళు కత్తితో కోసింది దీన్నేనా అనిపించింది.

"పాయల సందులో చూడు పెద్దనాయనా. అవి నెత్తురు దారులు. ఎంత సన్నమంటే ఎర్రకణాలు ఒకదాని యెనక ఒకటి పోవాల్సిందే."

ఆయన మళ్ళీ కన్ను ఆనించాడు. "అవును. దొడ్డి సందులో గొర్రెలు దూరినట్టు వరసగా ఉండాయి. రెండు పక్కపక్కన పట్టవు." తల పైకెత్తి, "పై దారి పూడిపోతే ఇవన్నీ ఎండిపోతాయి గదా," అన్నాడు.

ఆ పిల్ల గాజు పలక మార్చింది. ఈసారి నాళాన్ని అడ్డంగా కోసిన ముక్క. గోడ మూడు పొరలు. లోపల పలచటి పొర, నడుమ మందపాటి కండ, బయట నార. ఆ లోపలి పొర ఒకవైపు ఉబ్బి, అందులో సూదులు గుచ్చి తీసినట్టు తెల్లటి చీలికలున్నాయి. కొవ్వు చేరిన గుర్తులట. నెత్తురు పోవడానికి మిగిలింది చిన్న సందు.

తర్వాత ఇంకో పలక పెట్టింది. అందులో పాయల్లేవు, చారల్లేవు, కళ్ళు కూడా ఎక్కడో ఒకటి. చిక్కుపడ్డ ఉన్నిలా పాలిపోయిన దారాలు మాత్రమే ఉన్నాయి.

"ఇదేంది?"

"నెత్తురందక చచ్చిపోయిన కండ. దాని జాగాలో మచ్చ కట్టింది. ఇది గుండె కొట్టుకున్నప్పుడు కదలదు."

"మళ్ళీ కండ పట్టదా?"

"పట్టదు పెద్దనాయనా."

"మరి నేను తిన్నవన్నీ?"

"కడుపులోకి పోయి అరిగిపోయినాయి. కడుపుకి గుండేదో తొడేదో తెలీదు."

ఆయన నవ్వలేదు. "ఇది ఎవురిది?" అని అడిగాడు.

"పేరు మాకు తెలీదు. చనిపోయినాక ఇంటోళ్ళు చదువు కోసం ఇచ్చినారు."

ఆయన తలకు చుట్టిన తువ్వాలు తీసి లేచి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. ప్రార్థన చేస్తున్నాడని నాకు తెలిసింది. అయ్యాక ఆ పిల్ల వైపు తిరిగాడు.

"కాలి నరం తీస్తే నడవగల్నా?"

"కాలు కొన్నాళ్ళు వాచి ఉంటాది. కాల్లో వేరే నరాలుండాయి. నడుస్తావు."

"అయితే డాక్టరు గది చూపించు."

ఆపరేషన్ జరిగినంతసేపూ నేను బయట నేల మీద కూర్చున్నాను. బయటికొచ్చిన డాక్టరమ్మ, నాళాలు బాగానే అతికాయని చెప్పింది. గుండె కింది భాగం మాత్రం కొంత ముందే చచ్చిపోయి ఉందని, దానికి చేయగలిగింది లేదని చెప్పింది.

ఆయన మాట్లాడగలిగాక మొదట అడిగింది అదే.

"ఏమన్నా పోయిందంటనా?"

"కింద కొంత పోయిందంట," అన్నాను.

పక్కనే ఉన్న మా చెల్లెలి కూతురిని చూశాడు. "మొదట పిలిచినప్పుడే వచ్చుంటే?"

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. "ఇంత పోయేది కాదు పెద్దనాయనా."

ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

కాలి పుండు మానింది. నడక వచ్చింది. కానీ గుట్ట సగం ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. చివరికి సగం మందను అమ్మేద్దామన్నాడు. గిద్దలూరు నుంచి వచ్చిన బేరగాడు మందలోకి దిగి, ఆయన వేరు చేసి పెట్టిన వాటిని తడిమి చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏంది మామా, బిరబిరా నడిచేవన్నీ నాకిచ్చి, ఈ ముసలివి, కుంటివి ఉంచుకుంటాండావు?"

"ఇవి గుట్ట దాకా పోవులేరా. రోడ్డు పక్కనే మేస్తాయి," అన్నాడు మా ఆయన. మంచి గొర్రెలన్నీ వ్యాను ఎక్కేదాకా అక్కడే నిలబడి, తర్వాత మిగిలినవాటిని మెల్లగా రోడ్డు వైపు తోలుకుపోయాడు.