ఉత్తరం తలాపు గదులు

పన్నెండేళ్ల క్రితం, ఎండాకాలంలో, తిరుపతిలోని ఒక హోటలుకు ఫ్రంట్ ఆఫీస్ మేనేజరుగా చేరాను. గదుల కేటాయింపు నా బాధ్యత. విడిగా వచ్చే అతిథికి గది ఇవ్వడం ఐదు నిమిషాల పని. గ్రూపు సంగతి వేరు. మనుషులకంటే ముందు వాళ్ల రూమింగ్ లిస్టు వస్తుంది. ఎవరు ఎవరితో ఉంటారు, ఎవరికి డబుల్, అంటే ఒకే పెద్ద మంచం, ఎవరికి ట్విన్, అంటే రెండు విడి మంచాలు, ముగ్గురున్న గదిలో అదనపు పరుపు ఎవరికి, అన్నీ అందులో ఉంటాయి. దాన్నిబట్టి ముందురోజే గదులు కేటాయించి పెడతాం. గ్రూపును వీలైనంతవరకు ఒకే అంతస్తులో ఉంచడం మా పద్ధతి.

ఆ హోటల్లో ఒక చిక్కు ఉండేది. కొత్త బ్లాకు కట్టినప్పుడు స్విచ్చులకూ ఏసీలకూ అనుకూలమని ఒక అంతస్తు మొత్తం మంచాల తలాపు ఉత్తరం గోడకు పెట్టారు. ఉత్తరానికి తల పెట్టి మనవాళ్లు పడుకోరు. తిప్పి దక్షిణానికి పెడితే కాళ్లు కొండవైపు వస్తాయి. యాత్రకు వచ్చినవాళ్లలో చాలామంది దానికీ ఒప్పుకోరు. అందుకని నేనొక సూత్రం పెట్టుకున్నాను. ఆ అంతస్తు విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు. వాళ్లకు దిక్కులతో పనేముంటుందనుకున్నాను.

మా హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ చెంగమ్మ నేను చేరిన వారంలోనే చెప్పింది. "గ్రూపోళ్లను ముందే అడగండి సార్, తలాపు ఎట్ల కావాలని. మంచాలతో మేము పడే పాట్లు మీకు తెలీవు." నేను నవ్వి ఊరుకున్నాను. తొమ్మిదేళ్లుగా అక్కడ పనిచేస్తున్న మనిషి. ఆ నెలలోనే అసిస్టెంట్ హౌస్‌కీపర్ పదవికి ఆమె పేరు పైకి వెళ్లింది.

అప్పుడే మలేషియా నుంచి ఇరవైనాలుగు మంది వచ్చారు. లిస్టులో విదేశీ పాస్‌పోర్టులు చూసి ముందురోజే కొత్త బ్లాకులోని ఆ అంతస్తు ఇచ్చేశాను. వాళ్లు రబ్బరు తోటల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్ల మనవలూ మునిమనవలూ అని, విదేశీ అతిథుల గురించి పోలీసులకు పంపే ఫారాలు నింపేటప్పుడు గానీ తెలియలేదు. గంట తిరక్కముందే చెంగమ్మ ఫోన్ చేసింది.

"సార్, ఒక పెద్దామె మంచం మింద కూర్చోను గూడా కూర్చోలేదు. ఫోన్లో దిక్కులు సూసుకుంటా ఉండాది. పాత బ్లాకులో రెండు రూములు ఖాళీగా ఉండాయి గదా, ఆడికి మార్చండి సార్. ఆమె ఇంటాయన నడిచేదే కష్టం."

ఆ రెండు గదులు మరునాడు వచ్చే పెళ్లివారికోసం ఆపి ఉంచాను. గ్రూపును విడగొట్టడమూ ఇష్టం లేదు. "మంచాలు తూర్పుకు తిప్పేయండి. ఇంక నన్నడగొద్దు" అని ఫోన్ పెట్టేయబోయాను.

"తిప్పితే బాత్రూం తలుపు సగమే తెరుచుకుంటాది సార్" అని ఆమె అంటున్నది చెవినపడింది. పడనట్టు ఫోన్ పెట్టేశాను.

కాసేపటికి ఆ పెద్దామె రిసెప్షన్‌కు వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. "మా తాతలు ఓడెక్కినప్పుడు దిక్కులు ఇక్కడే వదిలేసి వెళ్లారనుకున్నావా బాబూ?" అంది. పక్కనున్న గుమాస్తా నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నాడు.

మరునాడు పొద్దున ఆమె భర్త బాత్రూంలోంచి సగం తెరిచిన తలుపులో పక్కకు తిరిగి వస్తూ మంచం కోడు తగిలి పడ్డారు. మణికట్టు ఎముక చిట్లింది. ఆసుపత్రిలో కట్టు వేశాక కూడా, పుత్తూరు నాటువైద్యుల దగ్గర ఎముకల కట్టు కట్టించుకోకుండా విమానం ఎక్కనని ఆయన పట్టుబట్టారు. అదీ చేయించాం. టూరు కంపెనీ మాత్రం ఫిర్యాదు రాసింది.

జనరల్ మేనేజరు నన్నూ చెంగమ్మనూ పిలిచారు.

"మంచాలు తిప్పమని ఎవురు చెప్పినారమ్మా నీకు?"

"సారే చెప్పినాడు సార్, ఫోన్లో."

ఆయన నావైపు చూశారు. "నాకు గుర్తులేదు సార్" అన్నాను. తర్వాత రాసిచ్చిన నివేదికలో ఇంకొక అడుగు వేశాను: "నా అనుమతి లేకుండా మంచాలు మార్చారు." డ్యూటీ లాగ్ బుక్కులో నా ఆదేశం లేదు, ఎందుకంటే నేను రాయలేదు. చెంగమ్మ పదవి ఆగిపోయింది. ఆమెను దుప్పట్ల స్టోరుకు మార్చారు. రెండేళ్లు చూసి మానేసి వెళ్లిపోయింది.

ఆ మరుసటి ఏడు గ్రూపు ఫారంలో ఒక ప్రశ్న చేర్చాను: పడక ఏ దిక్కుకు ఉండాలి? జపాన్ వాళ్లూ ఉత్తరానికి తల పెట్టరని ఆ ప్రశ్నవల్లే తెలిసింది. నా సూత్రం మొదటినుంచీ తప్పేనన్నమాట. యాజమాన్యం ఆ ప్రశ్నను మెచ్చుకుంది. నా తర్వాతి ప్రమోషన్ కాగితంలో దాన్ని ప్రత్యేకంగా రాశారు. అది చెంగమ్మ మాట అని నేనెవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక, పూతలపట్టులో ఒక చిన్న లాడ్జి చూసుకుంటున్న ఆమె దగ్గరికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు హోటలుకు రాస్తానన్నాను.

"ఇప్పుడు గుర్తొచ్చినాదా సార్?" అంది. "రాయండి. దాంతో నాకొచ్చేదేమీ లేదు. మా ఆయన మాత్రం ఇప్పటికీ నేనే తొందరపడి తిప్పినానని అనుకుంటా ఉండాడు. ఒక నకలు ఆయనకీండి."

రాశాను. పాత ఫైళ్లు లేవని హోటలు నుంచి జవాబు వచ్చింది. నకలు ఆమె భర్తకు చేర్చాను.

రూమింగ్ లిస్టు ఎన్ని మంచాలో చెబుతుంది. వాటిమీద మనుషులు ఎలా పడుకుంటారో గది సర్దేవాళ్లకు తెలుస్తుంది, వాళ్లను అడగాలి. నోటిమాటగా ఇచ్చిన ఆదేశాన్ని ఇచ్చినవాడే ఏ పూటకు ఆ పూట రాసి సంతకం పెట్టాలి. నేను పెట్టని సంతకం ఒక మనిషి ఉద్యోగాన్ని ఆపింది.