బీజీ నాన్నగారి కొరడా

నవ్వనంటేనే చెప్తా. పోయిన నెల మా స్కూల్ స్టేజీ మీద, మైకు పట్టుకుని, స్కూలు స్కూలంతా చూస్తుండగా ఒక పెద్దావిడ తండ్రిని నేను రాక్షసుణ్ణి చేసేసా. ఆయన పోయి చాలా ఏళ్ళయిందంట పాపం. బతికున్నన్నాళ్ళూ పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడంట. అట్లాంటి మనిషికి జగ్గయ్యపేటలో నా మూలంగా ఈ పేరొచ్చింది.

అసలు ఎట్లా మొదలైందంటే, మా మేడమీద వాటాలో ఒక పంజాబీ కుటుంబం ఉంటుంది. ఆయన సిమెంట్ ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఆవిడ పేరు మన్‌ప్రీత్. వాళ్ళమ్మాయి జస్లీన్ మా స్కూల్లోనే ఐదో క్లాసు, నా దగ్గరే తెలుగు. ఆ పిల్ల తెలుగు వింటే పంజాబీ అమ్మాయి అనుకోరు. "ఏంటి టీచర్, ఇట్టా తిప్పలు పెడతారు" అని నన్నే దబాయిస్తుంది. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది మాత్రం హిందీ.

చలికాలం వచ్చేసరికి ఆ ఇంజినీరుగారి అమ్మ వచ్చింది. అందరూ బీజీ అంటారు. వాళ్ళ ఊళ్ళో చలికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని నాలుగు నెలలు ఇక్కడ ఉండటానికి వచ్చింది. పొడుగు మనిషి, తెల్లటి చున్నీ, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడుతుంది. వచ్చిన రోజే ఒక మాట చెప్పేసిందంట: హిందీ నాకొచ్చు, బజారులో మాట్లాడతా, ఇంట్లో మాత్రం పంజాబీయే. పెద్దకొడుకు పిల్లలు ఢిల్లీలో పెరిగారు, పంజాబీ రాదు. ఫోన్లో "హలో బీజీ" అన్నాక వాళ్ళకీ ఈవిడకీ ఇంకో మాట ఉండదు. ఎదురుగా కూర్చున్నా చుట్టం చూపుకొచ్చిన వాళ్ళలాగా కూర్చుంటారంట. ఈ మనవరాలి దగ్గర అట్లా కానివ్వనని పట్టుబట్టి వచ్చింది.

రోజూ సాయంత్రం మేడమీద ఇద్దరికీ యుద్ధం. బీజీ పలక మీద వాళ్ళ అక్షరాలు రాసి, ఊడా, ఐడా, ఈడీ అని చదివించబోతుంది. జస్లీనేమో "నాకు పంజాబీ రాదు, నాకొద్దు" అని తెలుగులో అరుస్తుంది. స్కూల్ గేటు దగ్గర బీజీ ఆ గొంతుతో ఒకసారి పిలిచిందని క్లాసులో పిల్లలు ఏడిపించారంట, అప్పట్నించీ ఈ మొండితనం. కింద బట్టలు మడతేసుకుంటూ నేను వింటూ ఉండేదాన్ని. ఒకళ్ళు పంజాబీలో అడుగుతారు, ఇంకొకళ్ళు తెలుగులో జవాబు చెబుతారు, పోట్లాట మాత్రం ఎక్కడా ఆగదు. భలే విచిత్రంగా ఉండేది నాకు.

ఒకరోజు బీజీ మెట్ల మీద నుంచి నన్ను చూసి మంజా, మంజా అంది. ఎండలో కూర్చోవడానికి మంచం కావాలంటోందని నాకు చటుక్కున వెలిగింది. మడత మంచం తీసుకెళ్ళి వేసా. మంజా అంటే మంచమే. ఆవిడ నా బుగ్గలు పుణికి, పుత్, పుత్ అని, అంటే బిడ్డా అని, దగ్గరికి తీసుకుంది. ఒక్క మాట అర్థమయ్యేసరికి భాషంతా వచ్చేసిందనుకున్నా చూడండి, అక్కడ పడింది నాకు శని.

మర్నాడే నాకు బుద్ధి రావాల్సింది. బీజీ పిండ్, పిండ్ అని ఏదో చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిండి అయిపోయిందేమో, అడగటానికి మొహమాటపడుతోందనుకుని గిన్నె నిండా గోధుమపిండి తెచ్చి చేతిలో పెట్టా. పిండ్ అంటే ఊరంట. ఆవిడ సొంతూరు తలుచుకుని ఏడుస్తుంటే నేను చపాతీలకి సరిపడా ఓదార్చా.

అయినా తగ్గలేదు. ఫోన్‌లో పంజాబీ నేర్పే యాప్ వేసుకున్నా. మావారికి నందిగామ కోర్టులో ఉద్యోగం. ఒక ఆదివారం బెజవాడ నుంచి వస్తూ హైవే మీద పంజాబీ ధాబా దగ్గర ఆగాం. తలపాగా చుట్టుకున్న ఆయన వస్తే, మావారిని ఆగమని సైగ చేసి, రొట్టెలూ పప్పూ లస్సీ అన్నీ పంజాబీలో చెప్పా. ఆయన ప్రతి మాటకీ తలూపాడు. చెప్పినవన్నీ తెచ్చాడు. నేను మావారి వంక గర్వంగా చూసా. చేతులు కడుక్కుంటున్నప్పుడు మీదే ఊరని హిందీలో అడిగితే, "మాది పరిటాల అండీ, తలపాగా మా ఓనరు కట్టుకోమన్నాడు" అన్నాడు. మావారు జగ్గయ్యపేట వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు.

సరే, అప్పటికైనా ఊరుకోవచ్చుగా. ఊరుకోలా.

మాది ఇంగ్లీష్ మీడియం స్కూలు. వరండాలో తెలుగు మాట్లాడితే డైరీలో రాసి పంపుతారు. అదే స్కూల్లో ఏడాదికొక రోజు మాతృభాషా దినోత్సవం చేస్తారు. ఆ ఒక్క రోజూ తెలుగు టీచర్‌కి పెళ్ళికూతురి మర్యాద. ఈసారి తెలుగొక్కటే ఎందుకు, మన స్కూలు పిల్లల ఇళ్ళల్లో ఉన్న భాషలన్నీ వినిపిద్దామని కరస్పాండెంట్ గారికి నేనే చెప్పా. ఉర్దూ వాళ్ళున్నారు, లంబాడీ వాళ్ళున్నారు, పంజాబీ బామ్మగారు మా మేడమీదే ఉన్నారన్నా. ఆవిడ మాట్లాడితే ఎవరికి అర్థమవుద్దండీ అన్నారాయన. నేను తెలుగులో చెప్తానుగా అన్నా. ఆ మాట అనేటప్పుడు నా నాలుక కొంచెం కూడా తడబడలేదు.

నిజానికి ముందు జస్లీన్‌నే అడిగా. "నాకు పంజాబీ రాదు టీచర్" అని బల్ల కింద పెన్సిల్ వెతుక్కుంది. ఆ సంగతి మన్‌ప్రీత్ పైన చెప్పిందంట, బీజీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోవాలి ఆవిడ. వెళ్ళేలోపు ఈ పిల్ల నోట ఒక్క ముక్క వింటే చాలని మన్‌ప్రీత్‌తో అందంట.

ఇంకొక చిక్కు కూడా ఉంది. పంజాబీలో అబ్బాయిని ముండా అంటారు. అమ్మాయేమో కుడీ. స్టేజీ మీద మైకులో ఆ మాట వస్తే ఏమవుద్దో మీకు చెప్పక్కర్లా. అందుకని బీజీ దగ్గర కూర్చుని, నా హిందీ అంతా వాడి, మా దగ్గర అది ఆడవాళ్ళని తిట్టే తిట్టు, కాబట్టి ఆ ఒక్క మాట మార్చి బచ్చే అనండి చాలు అని బతిమాలా. ఆవిడ ఆ ఒక్కసారికి నాకోసం హిందీలోకి దిగి చెప్పింది:

"మా అమ్మ నా తమ్ముళ్ళని ఆ మాటతోనే పిలిచి అన్నం పెట్టింది. మీ దగ్గర అది తిట్టయితే మీ తిట్టు మార్చుకోండి. నా మాట నేను మార్చను."

తెలుగు టీచర్ని నేను. ఆ మాట నేను అనాల్సింది. పోనీ ఏం మాట్లాడతారో ముందు ఒకసారి చెప్పండి, రాసుకుంటానన్నా. మా నాన్న గురించి చెప్పడానికి ప్రాక్టీసు ఎందుకు అంది.

ఆ రోజు వచ్చింది. నాలుగో క్లాసు పిల్లాడి నాయనమ్మ లంబాడీ పాట పాడింది, పిల్లలు చప్పట్లతో అదరగొట్టారు. తర్వాత బీజీ. మొదటి మాటే, "ప్యారే ముండియో తే కుడియో" అంది, ఆ గొంతుతో, మైకులో. మగపిల్లల వైపు నుంచి ఒక్కసారిగా నవ్వు లేచింది. ముందు వరసలో ఒక మామ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కరస్పాండెంట్ గారు నా వంక చూసారు. నేను మైకు అందుకుని, పంజాబీలో ముండా అంటే అబ్బాయనీ, ఇక్కడున్న అబ్బాయిలందరినీ ఆవిడ ప్రేమగా పిలిచిందనీ చెప్పా. నవ్వు కాస్తా చప్పట్లయింది. గండం గడిచిందనుకున్నా. అసలుది వెనకాలే ఉంది.

బీజీ మొదలుపెట్టింది. "మేరే బాపూ కోల్ ఇక్ కోడా సీ." బాపూ అంటే నాన్న, కోల్ అంటే దగ్గర. కోడా అంటే హిందీలో కొరడా, నేను హిందీ పరీక్షలకి చదువుకున్న మాటే. నేను గట్టిగా చెప్పా: "మా నాన్న దగ్గర ఒక కొరడా ఉండేది."

పిల్లలు సర్దుకుని కూర్చున్నారు.

ఆవిడ నవ్వుతూ చెప్పుకుపోతోంది. ఊళ్ళో బడికెళ్ళిన మొదటి ఆడపిల్ల తనేనంట. నాన్న రోజూ ఆ కోడా మీద ఏదో ముందు కూర్చోబెట్టి బడికి తీసుకెళ్ళేవాడంట. నేను కొంచెం సర్ది, "రోజూ కొరడా ముందు పెట్టి కూర్చోబెట్టేవారు, అట్లా నన్ను బడికి పంపారు" అన్నా. దారి పొడుగునా అక్షరాలు చెప్పించేవాడంట. "దారి పొడుగునా కొరడా పట్టుకునే అక్షరాలు నేర్పారు" అన్నా. ఎల్‌కేజీ వాళ్ళల్లో ఒక బుడ్డోడు పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు.

నాకూ అనుమానం రాకపోలేదు. ఇంత క్రూరమైన సంగతి ఇంత మురిపెంగా చెబుతోందేంటని. పాతకాలం మనుషులు, దెబ్బలు తిన్నదాన్ని కూడా ప్రేమగానే తలుచుకుంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. అంతలో ఆవిడ, ఊరి పిల్లలంతా వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చి మాకూ ఒకసారి, మాకూ ఒకసారి అని బాపూని బతిమాలేవాళ్ళంది. అదీ చెప్పా. ఏం చెయ్యను, చెప్పింది చెప్పాలిగా. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. కొరడా దెబ్బల కోసం క్యూ కట్టే ఊరు ఎక్కడుందా అని కాబోలు, సోషల్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తర్వాత బీజీ గొంతు తగ్గింది. ఒక చలికాలం ఆ కోడా మర్ గియా అంది. చచ్చిపోయింది. కొరడా ఎట్లా చస్తుంది? అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. "ఆ కొరడా... విరిగిపోయింది" అన్నా. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదంట. బాపూ కంటనీరు అప్పుడే మొదటిసారి చూసిందంట. అవి కూడా చెప్పేసా. బీజీ చున్నీతో కళ్ళొత్తుకుంది. పిల్లలు బిక్కచచ్చి చూస్తున్నారు. అందరూ కరిగిపోయారని పాపం ఆవిడ అనుకుంటోంది.

అప్పుడు ఐదో క్లాసు వరసలోంచి జస్లీన్ లేచింది. మొహం ఎర్రగా ఉంది.

"టీచర్, కొరడా కాదు. గుర్రం."

"కోడా అన్నారుగా" అన్నా. మైకు ఆన్‌లోనే ఉంది.

"మీరన్నది కొరడా. బీజీ అన్నది గుర్రం. బీజీ గొంతు కిందకి దించింది, మీరు దించలా."

రెండూ పలికి చూపించింది. మీ మీద ఒట్టు, నాకు రెండూ ఒకటే. మళ్ళీ పలికింది. మూడోసారికి లీలగా పట్టుకున్నా. రెండో మాటలో గొంతు మెట్టు దిగినట్టు దిగుతోంది. రాసేటప్పుడు గుర్రానికి వేరే అక్షరమే ఉందంట, మన 'ఘ' లాంటిది. నోటికొచ్చేసరికి అది 'క' అయిపోయి, తేడా అంతా గొంతులోకి వెళ్ళిపోద్దంట. నాకు పరువు పోయిందన్న బాధ కూడా మర్చిపోయి, ఇదెట్లా సాధ్యం, ఈ పిల్ల చెవికి ఇది ఎప్పుడు పట్టిందని ఆశ్చర్యంగా ఉంది. పలక పట్టుకోనని ఏడ్చిన పిల్ల, ఒక్క ముక్క కూడా రాదని ఒట్టేసిన పిల్ల.

జస్లీన్ నడుచుకుంటూ స్టేజీ ఎక్కింది. నా చేతిలోంచి మైకు లాక్కోలేదు, నేనే ఇచ్చా. మొదట్నించీ మళ్ళీ చెప్పింది. ముత్తాత గుర్రం మీద తన ముందు కూతుర్ని కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళడం, దారిలో అక్షరాలు చెప్పడం, ఊరి పిల్లలు ఒక్కసారి ఎక్కించమని బతిమాలడం. అంతా మన కృష్ణా జిల్లా తెలుగులో. పిల్లలు ఊపిరి పీల్చుకుని నవ్వారు. ఎల్‌కేజీ బుడ్డోడు చెయ్యి వదిలాడు.

చెప్పడం అయిపోయాక బీజీ వైపు తిరిగి, మైకు పక్కన పెట్టి, పంజాబీలో అడిగింది.

"బీజీ, ఆ గుర్రం పేరేంటి?"

ఆ మాట నాకు కూడా అర్థమైంది. బీజీ మనవరాలి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత మోతీ అంది, చాలా చిన్నగా. ఆ గొంతు అంత చిన్నగా రాగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం నేను మేడమీదకి వెళ్ళి మీ నాన్నగారు నన్ను క్షమించాలని చెప్పా. జస్లీన్ మధ్యలో ఉండి అటూ ఇటూ చెప్పింది, ఈసారి మారాం చెయ్యకుండా. బీజీ నవ్వి నవ్వి మంచం మీద వాలిపోయింది. నీకు పంజాబీ సరిగ్గా వచ్చుంటే ఇది నోరు విప్పేది కాదు, కాబట్టి ఇంకేం నేర్చుకోకు, ఇట్లాగే ఉండమంది. ఉపాధ్యాయ వృత్తిలో ఇంత మంచి ప్రశంస నాకెప్పుడూ రాలా.

అంతటితో అయిపోయిందనుకున్నా. సోమవారం పొద్దున్నే కరస్పాండెంట్ గారు పిలిపించారు. ఎల్‌కేజీ పిల్లాడి తల్లి ఫోన్ చేసిందంట. తెలుగు టీచర్ దగ్గర కొరడా ఉందని వాడు స్కూలుకి రానని మంచం పట్టుకుని ఏడుస్తున్నాడంట. ఏంటమ్మా ఇది అన్నారు.

"అయ్యో, కొరడా కాదండీ. గుర్రం" అన్నా.

ఆయన తలూపి, ఆ గుర్రాన్ని మాత్రం స్కూలు ఆవరణలో కట్టెయ్యొద్దన్నారు.

పంజాబీ సంగతి దేవుడెరుగు. ఇన్నేళ్ళుగా ఆ స్కూల్లో తెలుగు చెబుతున్నా, నా తెలుగు కూడా ఎవరికీ అర్థం కావట్లేదని ఆ రోజే తెలిసింది.