చాలు మీద ఆగిన గాలిమర

మీరు గాలిని నమ్ముతారా? అటూ ఇటూ చూడకుండా సూటిగా చెప్పండి.

నేను ముప్పై ఏళ్లు నమ్మలేదు. టేకులపల్లి చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరికి గాలి సోకిందన్నా వెళ్లాను. పదిమందిలో నిలబడి, సోకింది జ్వరమే గానీ గాలి కాదని, ముందు దవాఖానాకు నడవండని వాదించాను. గాలీ లేదు, దయ్యమూ లేదని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. అలాంటి నేను, అడవి అంచున ఉన్న మా ఇంటి మిద్దె మీద, బ్యాటరీకి కరెంటు ఎక్కించే గాలిమర పెట్టించాను. ఆ రోజు పక్కింటి వదిన నవ్వలేక గోడ పట్టుకుని కూలబడింది.

"గాలి లేదు లేదని ఊరూరు తిరిగి చెప్తివి. గిప్పుడు గాలి కోసం ఇనుప గుంజ పాతినవా ఆడిబిడ్డా?"

వదిన భర్త ఇల్లందు బొగ్గుబావిలో మోటార్లు బాగుచేసి రిటైరైన మనిషి. నాకు సొంత అన్నలాంటివాడు. గాలిమర బిగించింది ఆయనే. గాలి మరీ ఎక్కువైనప్పుడు దాన్ని ఆపడానికి కింద గోడకు ఒక బ్రేకు స్విచ్చి పెట్టాడు. ఆ స్విచ్చి మీద ఇంగ్లీషులో ఆన్, ఆఫ్ అని ఉంది. ఆన్ చేస్తే బ్రేకు పడి రెక్కలు ఆగుతాయి, ఆఫ్ చేస్తే తిరుగుతాయి. ఇంతకంటే అయోమయం ఉంటుందా? నాకు ఒళ్లు మండింది. తెలుగుకేం తక్కువ? ఆ ఇంగ్లీషు గీకేసి, నా చేత్తోనే నల్లరంగుతో రాశాను. ఆపే వైపు "చాలు" అని, నడిపే వైపు "వదులు" అని. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. రెండు రోజులు వచ్చిన వాళ్లందరికీ చూపించాను.

ఈ ఎండాకాలం చివర వదిన నాటుకోడిని, అది పొదుగుతూ ఉండగానే, అడవిపిల్లి ఎత్తుకుపోయింది. వదిన వాళ్లమ్మ చేతుల మీద పెరిగిన కోళ్ల సంతతిలో అదే ఆఖరుది. పదకొండు గుడ్లు మిగిలాయి. వదిన కన్నీళ్లు తుడుచుకుని, వాటిని థర్మోకోల్ పెట్టెలో పెట్టి, ఒక కారు బల్బును అడాప్టరుతో కరెంటుకు కలిపి వేలాడదీసి తానే పొదగడం మొదలుపెట్టింది. ఇంకో రెండు రోజుల్లో పిల్లలవుతాయనగా గాలిదుమారం వచ్చి కరెంటు స్తంభాలు పడిపోయాయి.

నేను అప్పుడు ఖమ్మంలో ఒక సభలో మాట్లాడుతున్నాను. మబ్బు చూసి బయల్దేరేముందే బ్రేకు వేసి వెళ్లాను. మర్నాడు పొద్దున అన్నకు ఫోను చేశాను. "దుమారం తగ్గింది కదా, మిద్దె మీద ఫ్యాను నడిపించి, వదిన పెట్టెను మా బ్యాటరీకి కలుపు."

"కలిపిన చెల్లె. ఫ్యాను స్విచ్చి గూడ చూసిన. అంత సరిగ్గనే ఉంది."

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి సరిగ్గా ఏమీ లేదు. బల్బు ఎర్రగా, నీరసంగా వెలుగుతోంది. ఛార్జింగ్ డబ్బా మీద దీపమే లేదు. మిద్దె మీద చూస్తే, టేకుచెట్లు వంగిపోయేంత గాలిలో మా గాలిమర పెళ్లిలో అలిగిన మేనత్తలా మెల్లగా, బరువుగా తల తిప్పుతోంది. వదిన పెట్టె మీద దుప్పటి కప్పి, రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది.

"వదినా, ప్రార్థనతో బ్యాటరీ ఎక్కదు," అని కరెంటు కొలిచే మీటరు చేతికి తీసుకున్నాను.

"నువ్వు నీ మీటరు చూస్కో. నేను నా ప్రభువును చూస్కుంట. ఎవరు ముందొస్తరో చూద్దాం."

పందెం నాకు నచ్చింది. చీర కొంగు దోపుకున్నాను. ముందు బ్యాటరీ. దాని కొనల మీద తెల్లగా, పచ్చగా చిలుము కట్టి ఉంటే వేడినీళ్లు పోసి పాత బ్రష్షుతో తోమాను. దీపం వెలగలేదు. ఛార్జింగ్ డబ్బా విప్పి వైర్లన్నీ బిగించాము. వెలగలేదు. ఇద్దరం మిద్దె ఎక్కాము. అన్న రెక్కకు తాడు కట్టి ఆపి, గుంజ దగ్గర కిందికి దిగే మూడు తీగల్నీ విప్పాడు. తాడు వదిలాడు.

గాలిమర గిర్రున లేచింది! రెక్కలు కనబడటం మానేశాయి. అన్న మిద్దె మీద చతికిలబడి అరిచాడు.

"ఏయ్! చూస్తివా, దీనికి గాలి సోకింది!"

కింద నుంచి వదిన నవ్వు. నేనూ నవ్వాను. ముప్పై ఏళ్లలో ఆ మాటకు నేను నవ్వడం అదే మొదటిసారి.

అన్న రబ్బరు తొడుగులు వేసుకుని తీగల కొనలు మూడూ కలిపాడు. గాలిమర ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు నెమ్మదించింది. విడదీశాడు, లేచింది. మళ్లీ కలిపాడు, అలిగింది.

"అర్థమైందా చెల్లె? పైన ఫ్యాను మంచిగనే ఉంది. మూడు తీగలు కింద ఎక్కడ్నో కలిసిపోయినయ్."

తీగలు మళ్లీ బిగించి, వాటి వెంటే గోడ మీద వేలితో తడుముతూ మెట్లు దిగాను. ఎక్కడా తెగలేదు, ఎలుక కొరకలేదు. చివరికి నా వేలు స్విచ్చి దగ్గర ఆగింది. మూడు తీగల్నీ కావాలని కలిపి బ్రేకు వేసేది ఈ స్విచ్చే కదా!

"అన్నా, ఇది చాలు మీద ఎందుకుంది?"

"మరి చాలు మీదనే ఉండాలె గద? ఏ దిక్కు ఆపుతదో నాకు యాదిలేదు, నీ రాతనే సదివిన."

"చాలు అంటే ఇక ఆపమని!"

"చాలు అంటె నడుస్తున్నదని! బండి చాలు చెయ్ అంటె బండి ఆపుతవా? వదులు అంటె ఇడిసిపెట్టుడు, బంద్ చేసుడు. ఇంత చదువుకున్నవ్, ఏంది చెల్లె?"

మా తాతలు కోస్తా నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో విన్న చాలు ఒకటే, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే చాలు. ఇక్కడే పుట్టాను, ఇక్కడే పాఠాలు చెప్పాను, ఈ జనం మధ్యే వాదించాను. అయినా రాసేటప్పుడు మాత్రం తెలుగంటే మా వంటింటి తెలుగే అనుకున్నాను. ఏ సాక్ష్యమూ అడగకుండా నమ్మాను. దీన్ని మూఢనమ్మకం అనకపోతే ఏమంటారు?

వదిన దుప్పటి మీద నుంచి చేతులు తీయకుండా మొగుణ్ని చూసింది.

"మరి నేను అన్నం పెడుతుంటె రోజూ చాలు చాలు అంటవ్. ఇన్నేండ్ల సంది ఇంక వడ్డియ్యమన్నవా ఏంది?"

ముగ్గురం గోడకు ఆనుకుని పొట్టలు పట్టుకుని నవ్వాము. నవ్వుతూనే స్విచ్చి తిప్పాను. మిద్దె మీద హోరు మొదలైంది. డబ్బా మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. కాసేపటికి దుప్పటి కింద బల్బు తెల్లబడింది.

మర్నాడు మధ్యాహ్నం మొదటి గుడ్డు లోపల్నుంచి టక్కుమంది. సాయంత్రానికి తొమ్మిది పిల్లలు తడి తడిగా పెట్టెలో దొర్లాయి. రెండు గుడ్లు అలాగే ఉండిపోయాయి. వదిన వాటిని చాలాసేపు చెవి దగ్గర పెట్టుకుని విన్నది. పందెం తనే గెలిచానంది. కాదు, మీటరన్నాను నేను. ఇంకా తేలలేదు.

స్విచ్చి మీద నా ముత్యాల అక్షరాలు గీకేశాను. ఏం రాయాలని వదిననే అడిగాను. "తిరుగుతది, తిరగది. ఇంకేముంది?" అంది. ఒక్క అక్షరం దిద్దకుండా రాశాను.

ఇక మీరు లేవండి. మీ ఇంట్లో, బడిలో, ఆఫీసులో మీరు అతికించిన చీటీల ముందుకు మీ యాస కాని మనిషిని పిలిచి గట్టిగా చదివించండి. వాళ్లు వేరేగా చదివితే వాళ్లను దిద్దకండి. రాతను చెరిపేయండి. ఇవాళే, ఇప్పుడే.